మఠం నుంచి వంటింటికి



మొన్న మా అబ్బాయి ఏదో దరఖాస్తు నింపుతూ, "అమ్మా, తల్లి వృత్తి అన్నచోట ఏం రాయను? గీత పెట్టేయనా?" అన్నాడు. ఆ సమయానికి నేను ఒక పొయ్యి మీద పోపు వేస్తూ, రెండో పొయ్యి మీద పాలు పొంగకుండా కాచుకుంటున్నాను. పెట్టెయ్యమన్నాను గాని, ఆ గీత మాత్రం మనసులో ఉండిపోయింది.

ఇంటిపనికి విలువ ఎంత అన్న తగువు మనతో మొదలైంది కాదండీ. ఐదువందల ఏళ్ళ క్రితం జర్మనీ దేశంలో క్రైస్తవ మతంలో పెద్ద సంస్కరణ వచ్చినప్పుడు ఈ ప్రశ్న కూడా లేచింది. దొరికిన జవాబు సగం తీపి, సగం చేదు. నేను చరిత్ర పండితురాలిని కాను. మెట్రిక్‌తో చదువు ఆపినా పుస్తకాలు ఆపనిదాన్ని, అంతే. అందుకని ఆ కథను ఒక ఇల్లాలి కథగానే చెబుతాను.

అంతకు ముందు యూరప్‌లో మతపెద్దలు స్త్రీలకు ఒక లెక్క కట్టి ఉంచారు. కన్యగా మఠంలో ఉండిపోయిన ఆమె పుణ్యం నూరు పాళ్ళు, వితంతువుది అరవై, సంసారం చేసుకునే ఇల్లాలిది ముప్ఫై. మన బడి లెక్కలో చూస్తే ఇల్లాలు పాసు కూడా కాలేదన్నమాట! పిల్లల్ని కని పెంచడం, పదిమందికి వండి పెట్టడం దేవుడి దృష్టిలో అంత తక్కువ పని అనుకునేవారు.

1517 అక్టోబరు 31న విట్టెన్‌బర్గ్ పట్నంలో మార్టిన్ లూథర్ అనే సన్యాసి, డబ్బు తీసుకుని పాపక్షమాపణ పత్రాలు అమ్మడాన్ని ఆక్షేపిస్తూ 95 వాదాలు బయటపెట్టాడు. మోక్షం విశ్వాసం వల్లే గాని, మనం పోగుచేసుకునే పుణ్యకార్యాల వల్ల రాదన్నాడు. మరి పుణ్యం పోగుచేయడమే లేకపోతే, మఠంలో ఉన్నవాళ్ళకు ఎక్కువేముంది? చెప్పులు కుట్టేవాడిదీ, పాలు పితికే పనిమనిషిదీ కూడా దేవుడి పనే. పసిపిల్ల గుడ్డలు ఉతికే తండ్రిని చూసి ఊరంతా నవ్వినా, దేవుడు మాత్రం మెచ్చుకుని చిరునవ్వు నవ్వుతాడని 1522లో రాశాడు. ఈ మాట మా ఇంట్లో చదివి వినిపించాను. జవాబు రాలేదు!

ఇక కేథరీనా ఫాన్ బోరా సంగతికి వద్దాం. 1499లో పుట్టింది. ఐదారేళ్ళకే ఇంట్లోవాళ్ళు కాన్వెంటులో చేర్పించారు. కాన్వెంటంటే మనకు పిల్లల ఇంగ్లీషు బడి గుర్తొస్తుంది గాని, అది సన్యాసినుల మఠం. పదహారో ఏట దీక్ష ఇచ్చేశారు. లూథర్ రాతలు ఆ గోడల్లోకి కూడా పాకాయి. 1523లో ఈస్టర్ వేళ, ఒక రాత్రి ఆమె మరో పదకొండుమందితో మఠం విడిచి వచ్చేసింది. వాళ్ళను బండిలో దాటించినది మఠానికి చేపలు సరఫరా చేసే కొప్పె అనే వర్తకుడు. చేపల పీపాల మధ్య దాక్కుని వచ్చారని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. దొరికితే శిక్ష ఘోరంగా ఉండేది.

1525లో లూథర్ ఆమెను పెళ్ళాడాడు. ఆయనకు 41, ఆమెకు 26. పెళ్ళికి ముందు ఏడాదిపాటు తన పక్కైనా ఎవరూ దులపలేదని ఆయనే చెప్పుకున్నాడు! ఎక్కడ పత్రాల అమ్మకాన్ని ఖండించి ఆయన ఇంత గొడవ లేపాడో, ఆ అమ్మకానికి అండగా నిలిచిన ఆర్చిబిషప్పే పెళ్ళికి 20 బంగారు నాణేలు కానుక పంపాడు. లూథర్ వద్దన్నాడు. ఆమె మాత్రం మాట్లాడకుండా తీసి దాచింది. ఇల్లు గడపాల్సింది తానే గదా!

పాత సన్యాసుల మఠమే వాళ్ళ ఇల్లయింది. ఆరుగురు పిల్లలు, బంధువుల పిల్లలు, విద్యార్థులు, వచ్చేపోయే అతిథులు. ఒక్కోనాడు ముప్ఫై నలభై మందికి భోజనం. ఆమె తోట వేసింది, ఆవుల్నీ పందుల్నీ పెంచింది, చేపల చెరువు చూసుకుంది. అక్కడి వాళ్ళకు రోజువారీ పానీయమైన బీరును ఇంట్లోనే కాచేది. విద్యార్థుల దగ్గర భోజనానికీ బసకీ డబ్బు తీసుకునేది. లూథర్ తన పుస్తకాలకు పైసా పుచ్చుకోలేదు మరి. తెల్లవారకముందే లేచే ఆమెను ఆయన వేకువచుక్క అనేవాడు. సరదాకి దొరవారని కూడా పిలిచేవాడు.

ఇతర ఇళ్ళల్లోనూ మార్పులు వచ్చాయి. పూర్వం లెంటు ఉపవాసదినాల్లో మాంసం కూడదు. చాలాచోట్ల వెన్న కూడా కూడదు, డబ్బు కట్టి అనుమతి తెచ్చుకోవాలి. సంస్కరణను ఒప్పుకున్న ఊళ్ళల్లో ఆ నియమాలు సడలాయి. ఊరి సొమ్ము ఒక పెట్టెలో చేర్చి పేదలకు పంచే ఏర్పాటు విట్టెన్‌బర్గ్‌లో 1522 నాటికే వచ్చింది. ఆడపిల్లలను కూడా రోజుకు ఒక గంటైనా బడికి పంపండని 1524లో లూథర్ నగర పెద్దలకు రాశాడు. ఒక గంటేనా అంటారేమో, ఆ రోజుల్లో అదే ఎక్కువ! పిల్లలకు ఇంట్లోనే మతం నేర్పడానికి 1529లో ఒక చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం వేశాడు. దాన్ని మద్రాసులో పనిచేసి వెళ్ళిన బెంజమిన్ షుల్జ్ తెలుగు చేసి, 1746లో జర్మనీలోని హాలేలో అచ్చు వేయించాడు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాల్లో అది ఒకటి.

ఇంతవరకు తీపి. ఇక చేదు సంగతి. మఠాలు మూసేయడంతో పెళ్ళి తప్ప ఆడదానికి వేరే దారి లేకుండా పోయింది. మఠాల్లో స్త్రీలు చదువుకునేవారు, తమ వ్యవహారాలు తామే నడుపుకునేవారు. అందరూ కేథరీనాలాగా బయటపడాలని కోరుకోలేదు. నూరెంబర్గ్‌లో కరితాస్ పిర్క్‌హైమర్ అనే విదుషి మఠాధిపతిగా ఉండేది. 1525లో తల్లులే వచ్చి, ఏడుస్తున్న తమ ఆడపిల్లలను ఆ మఠం నుంచి బలవంతాన లాక్కుపోయారు. ఒకరికి తెరిచిన తలుపు మరొకరికి మూసిన తలుపయింది. పైగా ఇల్లాలి పనిని అంత పొగిడిన లూథరే, ఆడదాని చోటు ఇల్లేనని కూడా అన్నాడు. చర్చిలో బోధించే హక్కు ఆమెకు ఇవ్వలేదు.

కేథరీనా కథ చివర కూడా చూడండి. 1542లో లూథర్ తన వీలునామాలో ఆస్తి భార్యకే రాశాడు. పిల్లలు ఆమె చేతుల వంక చూడాలి గాని, ఆమె పిల్లల చేతుల వంక చూడకూడదని ఆయన ఉద్దేశం. కాని అప్పటి సాక్సనీ చట్టం అందుకు ఒప్పుకోదు. 1546లో ఆయన పోగానే అధికారులు అడ్డు చెప్పారు. చివరికి ప్రభువు దయతలిచి వీలునామా ఒప్పుకున్నా, ఆమెకూ పిల్లలకూ సంరక్షకులుగా మగవాళ్ళను పెట్టారు. ఇరవై ఏళ్ళు అంత సంసారాన్ని ఒంటిచేత్తో లాగిన మనిషికి సంరక్షకుడు! పైన యుద్ధం వచ్చింది, పొలాలు పాడయ్యాయి, అప్పులు మిగిలాయి. 1552లో ప్లేగుకు భయపడి ఊరు విడిచి టోర్గావ్ వెళుతుంటే గుర్రాలు బెదిరాయి. బండి నుంచి దూకి గాయపడి, ఆ డిసెంబరు 20న కన్నుమూసింది.

నాకు అనిపించేది ఒకటే. ఆ సంస్కరణ వంటింటిని దేవుడి చోటు చేసింది. అది చిన్న విషయం కాదు. కాని ఆ గౌరవం మాటల్లో ఉండిపోయింది, కాగితం మీదికి రాలేదు. మనల్ని కూడా ఇంటికి దీపం అంటారు, గృహలక్ష్మి అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. ఇంటి పత్రంలో, బ్యాంకు పుస్తకంలో మన పేరు ఉందో లేదో మాత్రం ఒకసారి తీసి చూసుకోండి. చూడమంటే తగువు పెట్టుకోమని కాదు, సుమా!

మా అబ్బాయిని ఆ దరఖాస్తు తెమ్మన్నాను. గీత కొట్టివేయించి, "గృహిణి" అని నేనే రాశాను.