తుపాను లెక్కల్లోకి రాని చేలు

తెలుగునాట తుపానుల చరిత్ర ఎవరు రాసినా సముద్రపు ఒడ్డునే నిలబడి రాస్తారు. 1864 నవంబరులో మచిలీపట్నం ఉప్పెన ముప్పై వేల మందిని, 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన సుమారు పదివేల మందిని పొట్టన పెట్టుకున్నాయి. 1990 మే 9న దాదాపు అంతే ఉద్ధృతమైన తుపాను కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటినా మృతులు వెయ్యికి లోపే. ఈ అంకెలను వరసగా పేర్చి, తుపానును గెలిచినట్టేనని తేల్చేయడం మనకు రివాజైపోయింది. ప్రాణాల మటుకు ఆ మాటలో అబద్ధం లేదు. అయితే తీరానికి సుమారు డెబ్బై కిలోమీటర్ల దూరాన, పత్తి, మిరప పండే పల్నాడులోని పెదకూరపాడు వంటి చోటి నుంచి చూస్తే ఆ చరిత్ర సగమే కనిపిస్తుంది.

మన విజయగాథకు ఆధారం 1990. ఆరు లక్షల మందికి పైగా జనాన్ని ముందే ఖాళీ చేయించిన ఆ ఏర్పాటును తక్కువ చేయడానికి లేదు. ఎవరూ పెద్దగా పట్టించుకోని విషయం ఒకటుంది: అది మే నెల. ఖరీఫ్ ఇంకా మొదలు కాలేదు, దాళ్వా కోతలు చాలావరకు అయిపోయాయి, మిరప కల్లాలు ఖాళీ అయ్యాయి. తోటలు, పశువులు భారీగానే పోయాయి గానీ, పైరు నిండుగా ఉన్న పొలం మీద తుపాను పడితే ఏమవుతుందో ఆ సంవత్సరం చెప్పలేదు. తర్వాత ప్రపంచబ్యాంకు అప్పుతో నడిచిన పునర్నిర్మాణంలో రోడ్లు, కాల్వగట్లు, కరెంటు లైన్లు, తుపాను షెల్టర్లు ముందు వరసలో నిలవడం సహజమే. పేచీ అంతా, ఆ మే నెల నమూనానే నవంబరు, డిసెంబరు తుపానులకూ కొలబద్ద చేసుకోవడంతో వచ్చింది. 1996 నవంబరు 6న కోనసీమ మీద పడ్డ తుపాను ఆ లోటును బయటపెట్టింది. ప్రాణనష్టం మళ్లీ వెయ్యి దాటింది. దానికి తోడు కోతకొచ్చిన వరి నేలపాలైంది, కొబ్బరిచెట్లు కూకటివేళ్లతో కూలాయి. కూలిన ఇల్లు ఏడాదిలో లేస్తుంది, కొబ్బరితోట మళ్లీ కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది.

పల్నాడులో పడేది వాన, పొంగేది వాగు, దాన్ని తుపాను ఖాతాలో వేయడమేమిటని అడగొచ్చు. 2016 సెప్టెంబరులో సత్తెనపల్లి–పిడుగురాళ్ల ప్రాంతాన్ని ముంచి రైళ్లను ఆపిన వాన తుపాను కాదన్నది నిజమే. కానీ 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపానే, దాని వానా ఈ చేల మీద పడింది. నల్లరేగడిలో నీళ్లు రెండు రోజులు నిలిస్తే చాలు, మిరప ఉరకెత్తుతుంది. వేరు కుళ్లి చెట్టు నిలువునా వాడుతుంది, మిగిలిన కాయ రంగు మారి గుంటూరు యార్డులో తాలుకాయ ధరకు పోతుంది. విచ్చిన పత్తి తడిస్తే తేమ 12 శాతం దాటిందని భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనుగోలు కేంద్రం వెనక్కి పంపుతుంది. ఇక్కడ మనిషి పోడు, ఇల్లు పడదు. అందుకే ఈ నష్టం ఫొటోకు ఎక్కదు.

ఈ నష్టం ఎవరిదన్నది అంతకంటే చిక్కు ప్రశ్న. మిరప వేసేవాళ్లలో కౌలుదారులు ఎందరో. చాలాచోట్ల కౌలు ముందే కట్టాలి. వారి కోసం 2011లో ఒక చట్టం, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చాయి. రెండోది పదకొండు నెలల ఒప్పందంతో కార్డు ఇస్తుంది, కాకపోతే భూయజమాని సంతకం పెట్టాలి. భూమి మీద హక్కు ఎక్కడ పోతుందోనన్న భయంతో వెనకాడే యజమానులు తక్కువేం కాదు. ప్రభుత్వ పంట నమోదు అయిన ఈ-క్రాప్‌లో సాగుదారు పేరు రాస్తున్నారు కదా అంటే, అది మేలైన మార్పేనని ఒప్పుకోవాలి. 2015లో నష్టపరిహారానికి అర్హతను 50 నుంచి 33 శాతం పంటనష్టానికి తగ్గించడమూ మంచి పనే. అయినా కాగితం లేని కౌలుదారుకు ఇన్‌పుట్ సబ్సిడీ, బ్యాంకు అప్పు, బీమా ఒకదాని వెంట ఒకటి దూరమవుతాయి. వడ్డీకి తెచ్చిన పెట్టుబడి మాత్రం అతని నెత్తినే ఉంటుంది.

ఇక కృష్ణ వరద మాటకొస్తే, ఆనకట్టలే కాపాడతాయన్న నమ్మకం బలంగా ఉంది. 2009 అక్టోబరులో శ్రీశైలానికి సుమారు 25 లక్షల క్యూసెక్కులు వస్తే ప్రకాశం బ్యారేజీకి చేరింది 11 లక్షల పైచిలుకే. కర్నూలు మునిగినా దిగువకు కొంత ఊరట దక్కిందని దీన్నిబట్టి ఒప్పుకోవాలి. పులిచింతల ప్రాజెక్టును మాత్రం అదే లెక్కలో వేయకూడదు. దాని సామర్థ్యం 45.77 టీఎంసీలు. లక్ష క్యూసెక్కులు రోజంతా పారితే 8.64 టీఎంసీలు, 11 లక్షల ప్రవాహం పూర్తిగా ఖాళీగా ఉన్న పులిచింతలను కూడా సగం రోజులో నింపేస్తుంది. పైగా మున్నేరు కలిసేది దానికి దిగువన. 2024 సెప్టెంబరులో బ్యారేజీ దగ్గర 11.43 లక్షల రికార్డు నమోదైంది, అప్పటికి పులిచింతల కట్టి పదేళ్లు దాటింది. ఆ కట్ట కోసం వజ్రాల కొల్లూరుతో సహా ఊళ్లకు ఊళ్లే లేచిపోయిన సంగతి కూడా ఈ జమాఖర్చులో ఉండాలి.

హెచ్చరికల వ్యవస్థ నేడు నిజంగా మెరుగ్గా ఉంది. నష్టాన్ని లెక్కగట్టే పద్ధతి మాత్రం ఇంకా భూమి కాగితం చుట్టూనే తిరుగుతోంది. యజమాని సంతకంతో పని లేకుండా, పొలంలో పైరు పెట్టినవాడి పేరే నష్టం జాబితాకు ఎక్కే చట్టం రావాలి. అది వచ్చేదాకా పల్నాడులో తుపాను తర్వాత జరిగేది సాయం పంపిణీయే, పునర్నిర్మాణం కాదు.