సున్నా నొక్కితే బయటి లైను

డయలు ఫోన్ల రోజుల్లో చాలా ఆఫీసుల్లో టెలిఫోనుకు తాళం వేసేవారు. వేలు పెట్టి తిప్పే కన్నాల్లో ఒకదాంట్లో ఇమిడే బుల్లి తాళం. దాని చెవి పెద్ద గుమాస్తా దగ్గరో, మేనేజరు సొరుగులోనో ఉండేది. పొరుగూళ్లకు నేరుగా కలిపే ఎస్టీడీకి ముందు తిప్పాల్సిన సున్నా చక్రం చిట్టచివర ఉంటుంది, తాళం ఏ కన్నంలో ఉన్నా దానికి అడ్డే. అయితే కిటుకు తెలిసినవాళ్లు డయలు జోలికే పోయేవాళ్లు కాదు. రిసీవరు ఎత్తి, అది కూర్చునే మీటను టకటకా కొట్టేవాళ్లు. మూడుకు మూడు దెబ్బలు, సున్నాకు పది. పాత ఎక్స్ఛేంజికి తెలిసిన విద్య ఒకటే, లైన్లో కరెంటు ఎన్నిసార్లు తెగి కలిసిందో లెక్కపెట్టడం. తెంపింది చక్రమా, చూపుడువేలా అన్నది దానికి పట్టదు.

ఎవరు ఎక్కడికి మాట్లాడొచ్చు, ఆ సంగతి ఎవరు తేల్చాలి? ఆఫీసు టెలిఫోను చరిత్రలో ప్రతి మలుపు దగ్గరా ఈ తగవే కనిపిస్తుంది.

మొదట్లో తేల్చింది మనిషే. 1878 జనవరి 28న అమెరికాలోని న్యూ హేవెన్‌లో జార్జ్ కోయ్ మొదలుపెట్టిన ఎక్స్ఛేంజికి చందాదారులు 21 మంది. బండి బోల్టులు, ఆడవాళ్ల గౌన్ల లోపల వాడే తీగలు ఏరి తెచ్చి ఆ బోర్డు కట్టారని చెబుతారు. అప్పటికి ఫోన్లకు నంబర్లు లేవు, పేరు చెబితే ఆపరేటరు కలిపేవాడు. మరుసటి ఏడాది అమెరికాలోనే లోవెల్ అనే ఊళ్లో తట్టు ప్రబలింది. ఆపరేటర్లు మంచాన పడితే కొత్తగా వచ్చేవాళ్లకు ఏ తీగ ఎవరిదో తెలిసేదెలా అని డాక్టరు మోజెస్ పార్కర్‌కు బెంగ పట్టుకుంది. చందాదారులకు నంబర్లు ఇవ్వమని సలహా చెప్పాడు. ఇవాళ మన బల్లల మీద ఫోన్లకు అంటించిన 214, 215 లాంటి చీటీలకు మూలం ఓ వైద్యుడి ముందుచూపు!

రెండో బెంగ శవపేటికల వ్యాపారిది. కాన్సస్ సిటీలో అంత్యక్రియలు జరిపించే ఆల్మన్ స్ట్రోజర్, తనకు రావాల్సిన కాల్స్‌ను ఆపరేటర్లు పోటీ వ్యాపారికి మళ్లిస్తున్నారని అనుమానించాడు. ఆ పోటీదారుడి భార్యే బోర్డు దగ్గర ఉండేదని కథ. అందులో నిజమెంతైనా ఆపరేటరు అవసరమే లేని యంత్రానికి 1891లో పేటెంటు మాత్రం దక్కింది. మరుసటి ఏడాదే ఇండియానా రాష్ట్రంలోని లా పోర్ట్‌లో అది పనిచేయడం మొదలైంది.

మన దేశంలో కలకత్తా, బొంబాయి, మద్రాసు ఎక్స్ఛేంజిలు 1882 జనవరి 28న, న్యూ హేవెన్‌కు సరిగ్గా నాలుగేళ్లకు మొదలయ్యాయి. ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి వచ్చింది మాత్రం 1913-14లో, సిమ్లాలో, 700 లైన్లతో. 1948లో బెంగుళూరులో పెట్టిన ప్రభుత్వ టెలిఫోను కర్మాగారం ఐటీఐ చాలాకాలం స్ట్రోజర్ పద్ధతి యంత్రాలనే తయారుచేసింది.

ఊరి ఎక్స్ఛేంజి యంత్రం చేతికి పోయినా ఆఫీసు బోర్డు దగ్గర ఆపరేటరు చాలా ఏళ్లు అలాగే ఉన్నారు. పెద్ద కంపెనీల్లో, కలెక్టరాఫీసుల్లో ఆ కుర్చీకి జీతాన్ని మించిన పలుకుబడి ఉండేది. ఆఫీసరు సీట్లో ఉన్నాడా, ఉండి లేడనిపించుకుంటున్నాడా అన్నది ముందు తెలిసేది అక్కడే. పొరుగూరికి మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసి కూర్చోవాలి. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని మెట్లు, మెట్టుకో రేటు. 1960లో కాన్పూరు-లక్నో మధ్య మొదలైన ఎస్టీడీ ఈ నిరీక్షణను తగ్గించింది. బిల్లులకు రెక్కలూ తెచ్చింది. తాళాలు అందుకే.

1984 ఈ కథలో గట్టి మలుపు. చందాదారుల దగ్గరుండే టెలిఫోను పరికరాల తయారీలోకి ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలను రానిచ్చింది ఆ ఏడాదే. శాం పిట్రోడా చొరవతో ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ పుట్టిందీ అప్పుడే. ఎండకు, దుమ్ముకు తట్టుకుని ఏసీ లేకుండా పనిచేసే 128 లైన్ల ఎక్స్ఛేంజిని ఆ సంస్థ ఇంజినీర్లు తయారుచేశారు. 1986లో కర్ణాటకలోని కిత్తూరులో దాన్ని పెట్టారు. ఆ కుదురులోంచే ఆఫీసుల కోసం పీఏబీఎక్స్, అంటే ఆఫీసు లోపలే ఉండే చిన్న ఎక్స్ఛేంజి కూడా వచ్చింది. దాని తయారీ పరిజ్ఞానాన్ని ప్రైవేటు కంపెనీలకు ఇచ్చారు. 1991లో వడోదరలో మొదలైన మేట్రిక్స్ లాంటి సంస్థలు సొంత డిజైన్లతో దిగాయి. ఈపీఏబీఎక్స్ అన్న నోరు తిరగని పేరు చిన్న చిన్న ఊళ్ల నర్సింగ్‌హోములకూ అలవాటైపోయింది.

అంత గిరాకీకి కారణం లైన్ల కరువు. కొత్త కనెక్షనుకు దరఖాస్తు పెట్టుకుని ఏళ్ల తరబడి చూడాల్సిన కాలం అది. ఉన్న నాలుగు లైన్లను ముప్పై బల్లలకు పంచాలి. బల్ల నుంచి బల్లకు మాట్లాడుకుంటే టెలిఫోను డిపార్టుమెంటుకు పైసా కట్టక్కర్లేదు.

ఈపీఏబీఎక్స్ పెట్టె గోడకు తగిలించడం అసలు పనిలో చిన్న భాగం. ముందు ఎర్త్ గొయ్యి తవ్వించి ఉప్పు, బొగ్గు వేయించాలి, లేదంటే మొదటి పిడుగుకే కార్డులు మాడిపోతాయి. ప్రతి బల్లకూ జత తీగలు లాగాలి. ఇరవై అయిదు జతల కేబులులో తెలుపు-నీలం మొదటిది, తెలుపు-నారింజ రెండోది, ఆ రంగుల వరస లైన్‌మన్‌కు నిద్రలో అడిగినా తప్పకూడదు. అన్నీ డిస్ట్రిబ్యూషన్ ఫ్రేము దగ్గరికి చేర్చి, క్రోన్ పట్టీలో పనిముట్టుతో నొక్కితే తీగ పైతొడుగు దానంతటదే చీలి అతుకు పట్టుకుంటుంది. కరెంటు పోతే బ్యాటరీ. అదీ అయిపోతే మొదటి బయటి లైను నేరుగా ఒక ఎక్స్‌టెన్షనుకు తగులుకునే ఏర్పాటు చాలా పెట్టెల్లో ఉండేది. ఆ అదృష్టవంతుడి బల్ల ఏదన్నది కూడా ముందే తేల్చాలి.

ఆ తర్వాత ప్రోగ్రామింగు. చాలా పెట్టెలకు తెరా లేదు, కీబోర్డూ లేదు, ఆపరేటరు ఫోనే రెండూ. కోడు కొట్టి, పాస్‌వర్డ్ కొట్టి, వరసగా అంకెలు నొక్కాలి. సరిగ్గా నొక్కితే ఓ రకం టోను, తప్పితే ఇంకోటి. పగలు లైను ఎవరి దగ్గర మోగాలి, అక్కడ తియ్యకపోతే తర్వాత ఎవరికి పోవాలి, రాత్రి కాల్స్ వాచ్‌మన్‌కు మళ్లించాలా, ఎండీ ఫోను మోగేముందు పీఏ ఫోను మోగాలా... అన్నిటికన్నా తగాదాల పుట్ట ఎక్స్‌టెన్షన్ల తరగతి. ఒకరికి లోపలి కాల్సే, ఒకరికి లోకల్ దాకా, ఇంకొకరికి ఎస్టీడీ, కొద్దిమందికి ఐఎస్‌డీ. టెక్నీషియను ‘ఎవరెవరికి ఏమిమ్మంటారు సార్?’ అని అడిగేసరికి, అప్పటిదాకా ఎవరూ కాగితం మీద పెట్టని హోదాలన్నీ బయటపడాల్సి వచ్చేది. పాత తాళం బల్ల మీద అందరికీ కనిపించేది. ఇది కనిపించదు, ఎంగేజ్ టోనులా వినిపిస్తుంది. ఎవరు ఎంతసేపు మాట్లాడారో ప్రింటరు చీటీ కూడా ఇచ్చేది.

పెట్టె ఖరీదు భరించలేక 1999లో అమెరికాలో మార్క్ స్పెన్సర్ అనే విద్యార్థి తన చిన్న కంపెనీ కోసం లినక్స్ కంప్యూటరునే ఎక్స్ఛేంజిగా మార్చే సాఫ్ట్‌వేరు రాశాడు. దాని పేరు ఆస్టరిస్క్, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. తీగలు పోయి నెట్‌వర్కు వచ్చింది, అంకెల బదులు ఫైల్లో వాక్యాలు వచ్చాయి. తేల్చాల్సిన సంగతులు మాత్రం మారలేదు.

వాటిలో చిన్నది అనుకున్నదే ఒకసారి ప్రాణం మీదికొచ్చింది. 2013 డిసెంబరులో టెక్సస్‌లోని ఒక హోటలు గదిలో ఒక మహిళపై హత్యాయత్నం జరుగుతుంటే, తొమ్మిదేళ్ల కూతురు అక్కడి అత్యవసర నంబరు 911కు నాలుగుసార్లు ప్రయత్నించింది. ఆ ఫోన్లలో బయటి లైనుకు ముందు 9 నొక్కాలని పాపకు తెలియదు. తల్లి బతకలేదు. ఆమె పేరనే 2018లో అక్కడ కారీ చట్టం వచ్చింది. 2020 ఫిబ్రవరి 16 తర్వాత అమర్చే ఆఫీసు, హోటలు వ్యవస్థల్లో ఏ అంకే ముందు చేర్చకుండా 911 నేరుగా కలవాలి.

మన దగ్గర బయటి లైనుకు ఎక్కువగా సున్నా, ప్రమాదం మాత్రం అలాంటిదే. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 ఇవాళ పిల్లలకు కూడా నోటికొచ్చిన నంబరు. ఎక్స్‌టెన్షన్లు 101 నుంచి వరసగా పెట్టుకున్న ఆఫీసులో కంగారుగా 108 నొక్కితే అంబులెన్సు రాదు, ఎనిమిదో బల్ల మోగుతుంది. వరసను 201 నుంచి మొదలుపెట్టి, 108 గానీ, అత్యవసర నంబరు 112 గానీ నొక్కగానే బయటి లైను పట్టుకునేలా చెయ్యమని టెక్నీషియనుకు చెబితే సరిపోతుంది. తర్వాత రెండూ ఒకసారి నొక్కి చూడాలి.