ముళ్ళ మిట్ట

1854 జనవరి 1. ఇంకా తెల్లవారలేదు. ఒంగోలు పక్కనున్న కొండ మీదికి ఐదుగురు ఎక్కుతున్నారు. నెల్లూరు నుంచి వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగువాళ్ళు: క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు.

గట్టిగా చెప్పుకోవడానికి వాళ్ళ వెనక ఏమీ లేదు. నెల్లూరులో మిషన్ పెట్టి పద్నాలుగేళ్ళైనా చేరినవాళ్ళు వేళ్ళ మీద లెక్కకొస్తారు. ముందటేడు అమెరికాలోని ఆల్బనీ సభలో, దండగ ఖర్చు, ఎత్తేద్దామా అన్నదాకా వచ్చింది. మ్యాపులో ఒంటి చుక్కలా ఉన్న నెల్లూరు మీద శామ్యూల్ స్మిత్ అనే ఆయన రాత్రికి రాత్రి రాసిన గేయం పెద్దల మనసు కరిగించింది.

కొండ మీద పాట పాడుకున్నారు. సువార్త తెచ్చేవారి పాదాల ప్రస్తావనున్న యెషయా 52వ అధ్యాయం చదువుకున్నారు. ఒకరి తర్వాత ఒకరు అడిగింది ఒకటే: ఒంగోలుకి ఒక మనిషిని పంపు స్వామీ. పొద్దు పొడిచింది. కింద నాగజెముడు కమ్మేసిన ఒక మిట్టని జూయెట్ జూలియాకి చూపించి, మన బంగళా అక్కడ ఉంటే బాగుంటుంది కదా అన్నాడు.

ఏళ్ళు గడిచాయి. ఎవరూ రాలేదు. జబ్బుపడి స్వదేశం చేరిన జూయెట్‌ని 1862లో మళ్ళీ మిషన్ మూసేద్దామన్న మాటే పలకరించింది. మీరెవరూ పంపకపోయినా నేను వెళ్తానన్నాడు. అయితే మిమ్మల్ని పాతిపెట్టడానికైనా ఒకణ్ణి తోడు పంపాలన్నాడట మిషన్ కార్యదర్శి. ఆ పాతిపెట్టే మనిషిగా వచ్చినవాడే జాన్ క్లౌ! 1866లో ఆయన ఒంగోలులో కాపురం పెట్టింది ఆ ముళ్ళ మిట్ట మీదే. మాదిగ కులస్తుడు, యోగ సాధకుడు యర్రగుంట్ల పేరయ్య ఈ మతాన్ని తనంతట తానే వెతుక్కుంటూ వచ్చాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో మొదలైంది. కొండెక్కి సరిగ్గా పదమూడేళ్ళు.

ఆ తర్వాత ధాత కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్ళకి కూలి చూపించాడు. బాప్తిస్మం ఇమ్మంటూ జనం విరగబడ్డారు. కొండ మీద అడిగింది గుమ్మంలోకి వస్తే, క్లౌ తలుపు వేశాడు. గింజల కోసమో, దేవుడి కోసమో తేలాలన్నాడు. పదిహేను నెలలు ఎవరికీ బాప్తిస్మం లేదు. కరువు, కులం ఇందులో ఎంత పనిచేశాయని ఇప్పుడు మనం అడగడం న్యాయమే గానీ, ఆ ప్రశ్న అందరికంటే ముందు వేసుకున్నవాడు ఆయనే. దేవుడు మాట తప్పడని నమ్మకపోతే, చేతికొచ్చిన పంటని అలా పొలంలోనే వదిలేసే ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇక ఇచ్చేందుకు సాయం లేదని చెప్పినా జనం కదల్లేదు. చేతుల బొబ్బలు చూపించారు; కష్టపడి బతికాం, ఇకముందూ బతుకుతాం, డబ్బు అక్కర్లేదన్నారు.

1878 జులై 3. ఒంగోలుకి ఉత్తరాన, గుండ్లకమ్మ. ఆరుగురు తెలుగు ప్రసంగీకులు ఇద్దరిద్దరుగా వంతులేసుకుని నీళ్ళలో నిలబడ్డారు. సాయంత్రానికి లెక్క 2,222.