పేరు ఉంది, మనిషే దొరకలేదు

మన సినిమాల్లో హత్య కేసు ఎలా తేలుతుందో అందరికీ తెలిసిందే. హీరో ఇన్‌స్పెక్టరు శవం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంటాడు, కింద పడున్న చొక్కా గుండీ ఒకటి చూస్తాడు, కళ్ళు చిన్నవి చేస్తాడు. ఇంటర్వెల్! ఆ గుండీని కవర్లో పెట్టి, సీలు వేసి, నంబరు రాసి, రిజిస్టర్లో ఎక్కించిన గుమాస్తా మాత్రం మూడు గంటల సినిమాలో ఎక్కడా కనిపించడు. కానీ పెద్ద కేసులు నిలబడేదీ, కూలిపోయేదీ చాలాసార్లు ఆ గుమాస్తా బల్ల దగ్గరే. బ్రిటన్లో జరిగిన ఒక కేసు ఈ సంగతి బాగా చెబుతుంది. డేటాబేసుల మీద బతికే మనలాంటివాళ్ళకి మరీ బాగా అర్థమవుతుంది.

1975 నుంచి 1980 దాకా ఉత్తర ఇంగ్లండులో పీటర్ సట్‌క్లిఫ్ అనేవాడు 13 మంది స్త్రీలని చంపాడు. మరో ఏడుగురిని చంపబోయాడు. ఉండేది బ్రాడ్‌ఫర్డ్‌లో, నడిపేది లారీ. పేరు తెలియని రోజుల్లో పత్రికలవాళ్ళు 'యార్క్‌షైర్ రిప్పర్' అని పిలిచారు. ఈ కేసుకి కేంద్రం లీడ్స్ నగరంలోని మిల్‌గార్త్ పోలీస్ స్టేషన్. అక్కడి ఇన్సిడెంట్ రూములో చేరిన కాగితాల బరువుకి నేల కుంగుతుందేమోనని కింద దన్ను పెట్టించాల్సి వచ్చిందంటారు.

ఆ గది ఎలా పనిచేసేదో చెబుతాను. మన ఊరి లైబ్రరీలో చిన్న చిన్న సొరుగుల నిండా కార్డులుండేవి గుర్తుందా? అదే పద్ధతి. ఎవరో ఫోన్ చేసి ఒక సంగతి చెబుతారు, ఇంకెవరో వాంగ్మూలం ఇస్తారు, ఒక కానిస్టేబులు ఎవరినో కలిసి రిపోర్టు రాస్తాడు. ప్రతి కాగితాన్నీ ఒకరు చదవాలి. అందులో ఉన్న ప్రతి పేరుకీ, చిరునామాకీ, వాహనానికీ కార్డు ఉందో లేదో వెతకాలి. ఉంటే దాని మీదే కొత్త వివరం ఎక్కించాలి, లేకపోతే కొత్త కార్డు రాయాలి. రేపు ఎవరైనా వచ్చి "ఈ మనిషిని మనం ఇదివరకు కలిశామా?" అని అడిగితే జవాబు ఆ సొరుగులోంచే రావాలి.

కాగితాలు వచ్చే వేగం, కార్డులు రాసే వేగం ఒకటి కాకపోతే ఏమవుతుంది? గుట్ట పెరుగుతుంది. గుట్టలో ఉన్న కాగితం ఆఫీసులో ఉన్నట్టే, కానీ కేసులో లేనట్టే. సెర్చ్ చేస్తే దొరకని రికార్డు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే కదా!

ఇప్పుడు అసలు విషాదం. సట్‌క్లిఫ్‌ని పోలీసులు తొమ్మిదిసార్లు కలిసి ప్రశ్నించారు. మీరు చదివింది నిజమే, తొమ్మిదిసార్లు.

మొదటి దారి ఒక అయిదు పౌండ్ల నోటు. 1977 అక్టోబరులో మాంచెస్టర్‌లో చనిపోయిన స్త్రీ చేతిసంచిలో ఒక కొత్త నోటు దొరికింది. బ్యాంకుల ద్వారా ఆరా తీస్తే, అది బ్రాడ్‌ఫర్డ్ చుట్టుపక్కల కంపెనీల జీతాల కవర్లలో వెళ్ళిన నోట్లలోదని తేలింది. వేలమంది ఉద్యోగులున్న ఆ కంపెనీల్లో సట్‌క్లిఫ్ పనిచేసేది కూడా ఒకటి. 1977 నవంబరులో పోలీసులు అతని ఇంటికెళ్ళి మాట్లాడి వచ్చేశారు. రెండో దారి కారు. రాత్రిపూట కొన్ని పేటల్లో తిరిగే కార్ల నంబర్లు పోలీసులు రాసుకునేవారు. అతని కారు వేరువేరు ఊళ్ళలో మళ్ళీ మళ్ళీ ఆ జాబితాకి ఎక్కింది. దాంతో ఇంకొందరు వెళ్ళారు. కానీ నోటు గురించి వెళ్ళినవాళ్ళ కాగితాలూ, కారు గురించి వెళ్ళినవాళ్ళ కాగితాలూ కలవాల్సిన చోట కలవలేదు.

1979 జులైలో వెళ్ళిన ఆండ్రూ లాప్‌ట్యూ అనే డిటెక్టివ్ కానిస్టేబుల్‌కి గట్టి అనుమానమే వచ్చింది. రిపోర్టు రాసి ఇచ్చాడు. నెలల తర్వాత దాని మీద 'ఫైలు చెయ్యండి' అని రాసి పక్కన పెట్టేశారు.

లెక్క చూడండి. ఆ పదమూడు హత్యల్లో ఏడు, పోలీసులు మొదటిసారి అతని గుమ్మం ఎక్కిన తర్వాత జరిగినవి. వాటిలో మూడు లాప్‌ట్యూ అనుమానం తర్వాతవి. అవి కార్డు మీద గీతలు కావు, మనుషులు.

తప్పంతా గుమాస్తాలదే అంటే అన్యాయం. 1979 జూన్‌లో "నేనే హంతకుణ్ణి" అంటూ ఒక క్యాసెట్టు వచ్చింది. అందులోని యాస సండర్లాండు వైపుది. పై అధికారులు దాన్ని నమ్మేశారు. ఆ యాస లేనివాళ్ళని జాబితాలోంచి తీసేయడం మొదలైంది. మన భాషలో చెప్పాలంటే, తప్పు ఫిల్టరు పెట్టి సరైన రికార్డుని తీసేశారు. ఆ క్యాసెట్టు పంపిన జాన్ హంబుల్ అనేవాడికి హత్యలతో ఏ సంబంధమూ లేదు. ఏళ్ళ తర్వాత డీఎన్ఏ ద్వారా దొరికితే 2006లో శిక్ష పడింది.

చివరికి 1981 జనవరి 2న షెఫీల్డులో గస్తీ పోలీసులు ఇద్దరు ఒక కారు ఆపారు. నంబరు ప్లేటు దొంగది. లోపల సట్‌క్లిఫ్! అన్ని కార్డులూ చెయ్యలేని పని ఒక నంబరు ప్లేటు చేసింది.

తర్వాత లారెన్స్ బైఫోర్డ్ అనే ఉన్నతాధికారి విచారణ జరిపి 1981 డిసెంబరులో నివేదిక ఇచ్చారు. దాన్ని పూర్తిగా బయటపెట్టింది 2006లో. కేసుకి గుండెకాయలా ఉండాల్సిన ఆ గదే చేరిన సమాచారాన్ని కలపలేక కేసుని దెబ్బతీసిందని దాని సారాంశం. ఆ పాఠం నుంచి 1980ల మధ్యలో పుట్టిందే 'హోమ్స్' అనే కంప్యూటర్ వ్యవస్థ. పూర్తి పేరు హోమ్ ఆఫీస్ లార్జ్ మేజర్ ఎంక్వైరీ సిస్టం. (లార్జూ, మేజరూ రెండూ ఎందుకంటారా? లేకపోతే షెర్లాక్ హోమ్స్ పేరు కుదరదు మరి!) మొదటి తరం హోమ్స్‌లో ఒక జిల్లా కంప్యూటరు ఇంకో జిల్లా కంప్యూటరుతో సరిగ్గా మాట్లాడుకునేది కాదు. ఆ ఇబ్బంది తీర్చడానికి హోమ్స్ 2 వచ్చింది.

కంప్యూటరు వచ్చాక గుమాస్తా పోలేదు. ఇండెక్సరు అయ్యాడు. ఎక్కువమంది యూనిఫారం లేని మామూలు ఉద్యోగులే. వాంగ్మూలం చదివి ప్రతి మనిషికీ, వాహనానికీ రికార్డు తయారు చెయ్యడం వాళ్ళ పని. ఇద్దరు ఒకరేనా, ఒకరే ఇద్దరుగా నమోదయ్యారా అని తేల్చడం అందులో కష్టమైన భాగం. మన పేర్లే చూడండి. ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఇంకోదాన్లో వెనక. ఒకచోట ప్రసాదు, మరోచోట ప్రసాద్. మీ బ్యాంకు కార్డు మీద ఒక పేరు, పాస్‌పోర్టు మీద ఇంకోటి ఉంటే ఆ ఇండెక్సరు బాధ మీకు వెంటనే తెలుస్తుంది.

ఇది కాగితాల సంగతి. వస్తువులదీ ఇదే దారి. 1993 ఏప్రిల్ 22న లండన్‌లో స్టీఫెన్ లారెన్స్ అనే 18 ఏళ్ళ నల్లజాతి కుర్రాణ్ణి పొడిచి చంపారు. మే నెలలో పోలీసులు అనుమానితుల బట్టలు పట్టుకెళ్ళారు. ఏళ్ళ తర్వాత కొత్త నిపుణులు ఒక జాకెట్టు కాలరు మీద అర మిల్లీమీటరు రక్తపు మరక కనిపెట్టారు. కోర్టులో ఎదుటి లాయర్లు, ఆ రక్తం పోలీసుల దగ్గర సంచుల్లో ఉన్నప్పుడు అంటుకుందేమో అన్నారు. అప్పుడు ముఖ్యమైన ప్రశ్న, ఆ జాకెట్టు ఇన్నేళ్ళూ ఏ సంచిలో ఉంది, ఎవరు తెరిచారు, ఎప్పుడు మూశారు అన్నది. జూరీ పోలీసుల వైపు వాదనే నమ్మింది. 2012 జనవరిలో ఇద్దరికి శిక్ష పడింది. 18 ఏళ్ళ పాటు ఎవరో విసుక్కుంటూ రాసిన తేదీలు, సంతకాలు కూడా ఆ రోజు బోనెక్కినట్టే.

మన దగ్గరా ఈ పనికి పాత పేర్లున్నాయి: పంచనామా, మాల్‌ఖానా. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం సోదా చేసి వస్తువులు స్వాధీనం చేసుకునేటప్పుడు వీడియో తియ్యాలి. మంచిదే. కానీ ఆ వీడియోకీ ఒక నంబరు కావాలి, దాన్ని దాచే చోటు కావాలి, అడిగినప్పుడు తీసిచ్చే మనిషి కావాలి.

సమాచారం సంపాదించడం ఒక పని, దాన్ని దొరికేలా పెట్టడం ఇంకో పని. మొదటిదానికి పతకాలిస్తారు. రెండోది ఎవరికీ కనిపించదు. మిల్‌గార్త్‌లో లేనిది సమాచారం కాదండీ. హంతకుడి పేరు, ఇల్లు, కారు అన్నీ ఆ భవనంలోనే ఉన్నాయి.