వావిలాకు ఎవరి శాస్త్రం? (చేతివైద్యం – 3)

కిందటి రెండు భాగాల్లో మంత్రసాని గురించి మాట్లాడుకున్నాం. ఈసారి ఆమె చేతిలోని ఆకు గురించి.

వాగుల ఒడ్డున, చేల గట్ల మీద దానంతటదే పెరిగే పొద వావిలి. నలిపితే ఘాటు వాసన. సంస్కృతంలో నిర్గుండి, సింధువారం. కాళిదాసు కుమారసంభవంలో పార్వతికి ఈ పూలే ముత్యాలహారం. క్లాసులో ఆ పువ్వు గురించి పాఠం చెబుతాం. ఆకు గురించి చెప్పం.

ఆ ఆకు మన వాడల్లో ఉంది. మరిగించిన నీళ్ళు బాలింతకు పోస్తారు. కీళ్ళు పట్టేస్తే ఆముదంలో వెచ్చజేసి, గుడ్డలో మూటగట్టి కాపడం పెడతారు. మా అమ్మమ్మ నాట్ల కాలమంతా రాత్రి ఈ కాపడం పెట్టుకునే పడుకునేది. పొద్దంతా బురదలో నడుం వంచిన మనిషి తెల్లారి మళ్ళీ వంగాలి కదా.

ఇది పనిచేస్తుందా? వేడి తగిలితే ఆ చోట రక్తప్రసరణ పెరుగుతుంది, బిగిసిన కండరం సడలుతుంది, కీలు కొంత సులువుగా కదులుతుంది. వావిలాకు సారం ఎలుకల్లో వాపునూ నొప్పినీ తగ్గించినట్టు పరిశోధనలున్నాయి. మనుషుల మీద గట్టి పరీక్షలు తక్కువ. అందుకే ఉపశమనం అందాం, నయమవుతుంది అనొద్దు. అరిగిన కీలును ఏ ఆకూ తిరిగి తేలేదు. పొద్దున లేచాక గంటకు మించి కీళ్ళు బిగుసుకున్నా, వాపు, ఎరుపు, జ్వరం ఉన్నా డాక్టరు దగ్గరికే వెళ్ళాలి. షుగరు వల్ల స్పర్శ తగ్గిన కాళ్ళకు కాపడం పెడితే కాలినా తెలియదు.

ఇక అసలు ప్రశ్న. ఈ జ్ఞానం ఎవరిది?

చరకసంహిత సూత్రస్థానం మొదటి అధ్యాయంలో ఒక మాట ఉంది. మేకలు, గొర్రెలు, ఆవులు కాసేవాళ్ళకూ అడవిలో బతికేవాళ్ళకూ మూలికల పేరూ రూపమూ తెలుసని ఒప్పుకుంటుంది. ఆ వెంటనే, వాటి ప్రయోగం తెలిసినవాడే నిజమైన జ్ఞాని అంటుంది. అంటే గుర్తుపట్టడం మీది, శాస్త్రం మాది. కాపడం ఎంత వేడిగా పెట్టాలో, ఎప్పుడు ఆపాలో తెలిసిన మంత్రసానికి ఆ వాక్యంలో చోటేది?

మనుస్మృతి ఇంకో మెట్టు దిగి వైద్యుడి అన్నమే తినకూడదంది. రోగి ఒంటినీ, చీమునెత్తురునీ ముట్టుకునే చేయి దానికి అపవిత్రం. పురుడు పోసేదాకా ఆ చేయి కావాలి, పోశాక ఇల్లు శుద్ధి చేసుకోవాలి.

వలస పాలనలో ఈ గీత చట్టమైంది. కోస్తా, సీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో, 1914లో మద్రాసు వైద్యుల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. పాశ్చాత్య వైద్యం చదివినవాళ్ళకే ఆ రిజిస్టరులో గుర్తింపు. సిద్ధవైద్యుడూ, దళిత బౌద్ధ మేధావీ అయిన అయోతీదాస్ పండితర్ చనిపోయిందీ ఆ ఏడాదే. దేశీయ వైద్యాల మీద 1921లో ఉస్మాన్ కమిటీ వేశారు, 1923లో నివేదిక వచ్చింది. ఆయుర్వేదం, యునాని, సిద్ధ – గ్రంథం ఉన్న వైద్యాలకు చర్చలో చోటు దొరికింది. రాయడం రాని, రాయనివ్వని చేతుల వైద్యానికి గ్రంథమెక్కడిది?

ఇప్పుడు అదే ఆకు నిర్గుండి తైలం పేరుతో సీసాల్లో అమ్ముడవుతోంది.

అయితే ‘ఇది మన శాస్త్రం’ అని చెప్పుకుంటే సరిపోదు. ఆ కీళ్ళు ఎందుకు పట్టేశాయో కూడా అడగాలి. కాపడం కావాల్సి వచ్చింది వెట్టి వల్ల, చాలీచాలని కూలి వల్ల, ఊళ్ళో ఆసుపత్రి లేకపోవడం వల్ల. ఆకును కీర్తించి ఆసుపత్రిని అడగకపోతే ఆ మూట మనకే బరువవుతుంది.

విద్యార్థి మిత్రులకు ఒక పని. మీ వాడలో కాపడం పెట్టే అమ్మల దగ్గర కూర్చోండి. ఏ ఆకు, ఎంత వేడి, ఎన్ని రోజులు – రాసుకోండి. వాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ పేరుతోనే రాయండి.

వచ్చే భాగంలో మంగలి కత్తి గురించి.

జై భీమ్.