నాలుక తిరగనివాడు

బైబిలు తర్జుమా అనగానే మనకు ప్రార్థన, ఉపవాసం గుర్తుకొస్తాయి. వ్యాకరణం గుర్తుకు రాదు. "పరిశుద్ధాత్మ దేవుడు ఉండగా భాషాశాస్త్రం ఎందుకండీ?" అని సెమినరీ రోజుల్లో నేనూ అడిగినవాడినే. కెన్నెత్ పైక్ అనే అమెరికా సేవకుని చరిత్ర చదివాక ఆ మాట మళ్లీ అనలేదు.

ముందు ఆయన గురువు సంగతి. 1917లో కామెరాన్ టౌన్‌సెండ్ స్పానిష్ బైబిళ్లు అమ్ముటకు గ్వాటెమాల దేశం వెళ్లాడు. అక్కడి కక్చికెల్ ప్రజల్లో అనేకులకు స్పానిష్ రాదు. సరే, వారి భాషే నేర్చుకుందామంటే, ముందూ వెనుకా ముక్కలు అతుక్కుని ఒక్క క్రియాపదమే వేల రూపాలెత్తుతుంది! దానిని లాటిన్ వ్యాకరణంలో ఇరికించాలని చూశాడు, ఇమడలేదు. ఆ భాష తన పద్ధతిలో తాను ఎలా నడుస్తుందో గమనించడం మొదలుపెట్టాకనే పని సాగింది. 1931లో కక్చికెల్ కొత్త నిబంధన అచ్చయింది.

తన తరువాతివారు ఇలా చీకట్లో తడుముకోకూడదని, 1934 వేసవిలో ఆర్కాన్సా రాష్ట్రంలోని సల్ఫర్ స్ప్రింగ్స్‌లో భాషా శిక్షణ శిబిరం పెట్టాడు. విద్యార్థులు ఎంతమందో తెలుసా? ఇద్దరు. (మన బైబిలు స్కూళ్లలోనైతే ఆ కోర్సు ఎత్తివేసేవాళ్లం.)

మరుసటి ఏడు వచ్చిన కొద్దిమందిలో పైక్ ఒకడు. అతని ఆశ చైనా. కాని చైనాకు పంపే మిషనువారు అతణ్ణి తీసుకోలేదు. చైనా భాష ఉచ్చారణ పట్టుబడకపోవడం ఒక కారణం. ఆ భాషలో ఒత్తు హల్లు వేరు, ఒత్తులేనిది వేరు. మన పిల్లలు పలకమీద క, ఖ దిద్దేటప్పుడే ఆ తేడా నేర్చుకుంటారు, పలకడం తరువాత మానేసినా! ఇంగ్లీషు చెవికి అవి రెండూ ఒకటే. పిలుపు ఉన్నదని నమ్మిన యువకునికి "నీ నాలుక పనికిరాదు" అన్నట్టు వినబడితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

దేవుడు అతణ్ణి పంపిన చోటు ఇంకా కష్టమైనది. మెక్సికోలోని మిక్స్‌టెక్ భాషలో స్వరం ఎత్తు మారితే మాటే మారిపోతుంది. ఒకే అక్షరాలు ఒక ఎత్తులో "కొండ", చివర దించితే "పొద". మన తెలుగులో రాగం తీసి పలికితే కోపమో వెటకారమో తెలుస్తుంది గాని, కొండ పొద కాదు. మరి ఈ తేడా వినబడకుండా కొండమీది ప్రసంగం ఎలా తర్జుమా చేస్తారు?

1937లో పైక్ మిచిగాన్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ సపీర్‌ను కలిశాడు. సపీర్ మిషనరీ కాడు, యూదు కుటుంబంలో పుట్టిన భాషా పండితుడు. నవహో భాషలో స్వరాలు ఎలా పట్టుకున్నారని ఆయన్ను అడిగి తెలుసుకున్నాడు. ఉపాయం చిన్నదే. స్వరం మారని ఒక మాటను తీసుకుని, దాని పక్కన ఒక్కొక్క కొత్త మాటను పెట్టి పలికించాలి. దానికంటే ఎత్తా, తగ్గా, సమానమా అని వినాలి. బియ్యం తూచేటప్పుడు ఒక పళ్లెంలో రాయి ఉంచినట్టు. ఆ రాయి లేక ఎంతకాలం విన్నా అంతా గాలిలోనే.

ఊరివాళ్లను కూర్చోబెట్టుకుని మాట తరువాత మాట అలా విన్నాడు. 1942లో డాక్టరేటు పొందాడు. 1948లో స్వరభాషలను గూర్చి ఆయన వ్రాసిన పుస్తకం వెలువడింది. ఉచ్చారణ రాదని వెనక్కి పంపబడినవాడు, తరువాత ఎన్నో ఏండ్లు తర్జుమా సేవకులకు చెవి శిక్షణ ఇచ్చాడు.

శాన్ మిగెల్ ఎల్ గ్రాండే మిక్స్‌టెక్ భాషలో కొత్త నిబంధన 1951లో అచ్చయింది. పైక్ ఆ శిబిరానికి వెళ్లిన వేసవి నుండి లెక్కిస్తే పదహారు సంవత్సరాలు.