ఉబ్బునకు మందు వచ్చిన త్రోవ

ముఖమును పాదములును పొంగి, పొట్టలో నీరు చేరిన రోగికి మూత్రము జారీ యగునట్లు మందిచ్చుట చరకుని నాటినుండియు నున్నదే. మూత్రవిరేచనీయములని ఆయన పేర్కొన్న పది ఓషధులలో మన పల్లేరు కలదు, ఉబ్బు వ్యాధికి గలిజేరు వాడుటయు ఆయుర్వేదమున ప్రసిద్ధమే. అయితే ఆ నీరు గుండె దుర్బలమగుటచే చేరినదా, మూత్రపిండములు చెడుటచే చేరినదా యను వివేచన, 1827లో లండను నందలి గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్ తన గ్రంథమును వెలువరించువఱకు స్పష్టపడలేదు. రోగి మూత్రమును చెంచాలో పోసి దీపముపై కాచి, అది తెల్లసొనవలె పేరుకొనుట చూచి, మరణానంతరము ఆ రోగుల మూత్రపిండములు కోసి పరీక్షించి, రెంటికిని గల సంబంధమును ఆయన నిరూపించెను. వ్యాధిమూలము తెలిసెనే కాని మందు మాత్రము లేదు. రక్తము తీయుట, విరేచనములిచ్చుట, అంతకు మించి గతి లేకుండెను. పిమ్మట రెజినాల్డ్ సదీ యను వైద్యుడు కాళ్ళలో సన్నని గొట్టములు గ్రుచ్చి నీరు కార్చు పద్ధతిని తెచ్చెను.

1919లో వియన్నాలో, ఫిరంగి రోగముతో నున్న యొక యువతికి ఆల్ఫ్రెడ్ ఫోగల్ అను వైద్యవిద్యార్థి నోవాసురోల్ అను పాదరసపు సూదిమందు నిచ్చుచుండగా, నర్సులు ప్రతిదినము శ్రద్ధతో పట్టికలో వ్రాయుచుండిన మూత్రపరిమాణము సూది వేసిన దినములలో అమితముగా పెరుగుట ఆతని కంటబడెను. కీర్తి విద్యార్థికి దక్కినది; ఆ పట్టిక వ్రాసిన చేతులకు సగపాలైనను చెందవలెనని నా యభిప్రాయము. గుండెజబ్బుచే నీరుపట్టిన వారికి ఆ మందు ముప్పది యేండ్లకు పైగా ప్రాణాధారమయ్యెను. అయితే పాదరసము మూత్రపిండములకే విషము. కావున బ్రైటు ఎవరి వ్యాధిని గుర్తించెనో ఆ రోగులకే ఆ మందు నిషిద్ధమయ్యెను!

సల్ఫా మందులు వాడిన రోగుల మూత్రములో ఉప్పు హెచ్చుగా పోవుటను బట్టి, 1949లో బోస్టనులో విలియం ష్వార్ట్జ్ వానిని గుండెజబ్బు రోగులపై ప్రయోగించెను. ఆ జాతినుండియే 1957లో అమెరికాలో క్లోరోథయజైడ్ పుట్టినది. ఇది నోటిమాత్ర, పాదరసము లేనిది. కాని మూత్రపిండముల శక్తి మిక్కిలి సన్నగిల్లినచో దానికి పట్టు చాలదు. జర్మనీలోని హోక్స్ట్ కంపెనీవారి ఫ్యూరోసెమైడ్, 1960 తరువాతి యేండ్లలో లాసిక్స్ పేర బజారునకు వచ్చి, ఆ కొఱతను చాలవఱకు తీర్చెను. దినమునకు సుమారు 180 లీటర్లు వడకట్టి, లీటరున్నర మాత్రమే వెలికి విడుచు మూత్రపిండములలో, హెన్లే మెలిక యను నాళపు వంపు యొద్ద ఉప్పు తిరిగి రక్తమున చేరకుండ ఆ మందు అడ్డగించును. చెడిన మూత్రపిండమున మందు నాళములోనికి చేరుటయే తక్కువ గనుక మోతాదు పెంచవలసి వచ్చును. అప్పటికిని నీరు దిగనిచో, అవతలి నాళభాగము మిగిలిన ఉప్పును పట్టియుంచకుండ థయజైడు జాతి మందును జతచేయుదురు. ఉప్పు మానని రోగికి ఈ రెండును కలిపి యిచ్చినను ఫలము స్వల్పమే.